ఉప్పునీటి గుడ్లలో నెత్తురు

నరసింహమూర్తి గారు నాకంటే ముందు చేరుకున్న ప్రతి కేసులోనూ నాకొక లాభం ఉంటుంది. నేను వెళ్లేసరికి నేరం ఎవరు చెయ్యలేదో తేలిపోయి ఉంటుంది. ఆయన ఎవరిని పట్టుకుంటే వాళ్లను నిశ్చింతగా పక్కన పెట్టి నా పని నేను చూసుకోవచ్చు.

ఆయన రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. తాడేపల్లిగూడెంలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతారు. నాది ఏలూరు. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసి చేసి, అబద్ధాల రుచి మరిగి, సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. ఈ చుట్టుపక్కల మేమిద్దరమే కాబట్టి నెలకోసారైనా ఎక్కడో ఒకచోట ఎదురుపడి పోట్లాడుకుంటాం.

ఆ రోజు వట్లూరులోని ఒక కాలేజీ మూడో అంతస్తులో లాబ్ తలుపు తోసేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నారు. ఎదురుగా తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి, నిలబడి ఉంది.

“రండి నజ్నీన్ గారూ. మీకు శ్రమ తప్పించేశానండీ. కేసు అయిపోయింది.”

“అయ్యో, నాకు టీ కూడా మిగల్చలేదేమిటండీ?” అంటూ స్టూలు లాగి ఆ అమ్మాయి వైపు జరిపాను. “ముందు నువ్వు కూర్చోమ్మా.”

“ఆయన కదలొద్దన్నారండీ. పొద్దున్నించీ ఇలాగే ఉన్నాను.”

“కూర్చోవడం కదలడం కిందికి రాదులే.”

ఆ అమ్మాయి సిల్వియా. నన్ను పిలిపించింది తనే. కలిదిండిలో చేపల చెరువు గట్టు మీద పెరిగిన పిల్ల, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. కొర్రమీను ఒంటి మీది జిగురులోంచి ఒక మందు తీసింది. షుగరు ఉన్నవాళ్లకు కాలి మీద పుండు పడితే అక్కడికి నెత్తురు సరిగా అందదు, పుండు మానదు. తన మందు ఆ చోట కొత్త రక్తనాళాలు మొలిపిస్తుందని సిల్వియా నమ్మకం. నమ్మకం ఒక్కటే చాలదు కాబట్టి, లోపల పిల్ల ఎదుగుతున్న కోడిగుడ్ల మీద పరీక్ష పెట్టింది. పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపలి పొర మీద ఒక చుక్క వేసి, పైన టేపు అంటించి, మళ్లీ పొదిగే పెట్టెలో ఉంచుతారు. సగం గుడ్లకు మందు వేసింది. సగం గుడ్లకు ఉత్త ఉప్పునీళ్లు. మందు పడ్డ గుడ్లలో మాత్రమే నాళాలు దట్టంగా మొలిస్తే మందు గెలిచినట్టు.

నిన్న తెరిచి చూస్తే రెండు రకాల గుడ్లలోనూ నాళాలు పోటీ పడి అల్లుకుపోయి ఉన్నాయి. ఈ మధ్యాహ్నం మూడింటికి విచారణ కమిటీ వస్తోంది. ఈలోగా కారణం తేలకపోతే సిల్వియాను మోసగత్తె కింద తీసేసి, కేసు పోలీసులకు అప్పగిస్తారు. నేను వెళ్లేసరికే రెండు దాటింది.

“ఇంతకీ ఈ అమ్మాయి చేసిన నేరం ఏంటండీ?” అని అడిగాను.

“చాలా తేలిక. అసలు మందు బయట ఎవరికో అమ్మేసింది. సీసాలో ఉప్పునీళ్లు నింపేసింది. అన్ని గుడ్లలోనూ పడ్డది ఉప్పునీళ్లే. అందుకే అన్నీ ఒకేలా ఉన్నాయి.”

“అన్నింట్లోనూ ఉప్పునీళ్లే పడితే అన్నీ బోసిగా ఉండాలి కదండీ. దట్టంగా ఎందుకున్నాయి?”

ఆయన కప్పు కింద పెట్టి మీసం సవరించుకున్నారు. అంటే కొత్త సిద్ధాంతం తయారవుతోందన్నమాట.

“అయితే అన్నింట్లోనూ మందే వేసి ఉంటుంది.”

“అమ్మేసిన మందా అండీ?”

సిల్వియా ముక్కు తుడుచుకుంటూనే కిసుక్కున నవ్వింది. నాకు ఆ నవ్వు నచ్చింది. ఏడుపు మధ్యలో నవ్వగలిగిన మనిషి మీద నాకు ఎప్పుడూ పక్షపాతమే. దాచుకోను.

పక్క గదిలోంచి డిపార్టుమెంటు హెడ్డు చంద్రావతి గారు వచ్చారు, ఒక చేతిలో నాకు టీ, ఇంకో చేతిలో బిస్కెట్లు. నరసింహమూర్తి గారిని పిలిపించింది ఈవిడే.

“సిల్వియా మీద నాకు కోపం లేదండీ, బాధ,” అన్నారు కూర్చుంటూ. “ఆ మందు పనిచేస్తుందని అందరికంటే ముందు నమ్మినదాన్ని నేనే. ఏదో ఒక నిజం బయటపడాలనే ఈయన్ని రమ్మన్నాను.”

టీ బాగుంది. రెండు గుక్కలు తాగి సీసా చూపించమన్నాను. లాబ్‌కూ వరండాకూ మధ్య చిన్న గది ఉంది. అందులో తాళం వేసిన ఫ్రిజ్. నేనూ నరసింహమూర్తి గారూ వంగి చూస్తుంటే సిల్వియా మెడలోని తాళంచెవితో తెరిచింది. పై అరలో అరచేతిలో ఇమిడే గోధుమరంగు సీసా, చీటీ మీద ఆమె సంతకం.

“తాళంచెవులు ఎన్నమ్మా?”

“రెండండీ. నా దగ్గరొకటి, మేడం గారి దగ్గరొకటి.”

“ఇలాంటి సీసాలు ఇంకా ఉన్నాయా?”

“లేవండీ. ఏడాదంతా కష్టపడితే వచ్చింది ఇదొక్కటే.”

“ఉప్పునీళ్లు,” అన్నారు నరసింహమూర్తి గారు.

“రుచి చూశారా అండీ?”

“చూడక్కర్లేదు. అనుభవం.”

సీసాను పరీక్షకు పంపితే ఫలితం రావడానికి వారం పడుతుందట. మా చేతిలో గంట కూడా లేదు. సిల్వియా ఫ్రిజ్‌కు తాళం వేసింది. అందరం మళ్లీ లాబ్‌లోకి వచ్చాం.

“ఇప్పుడు చెప్పమ్మా. అసలు ఒంట్లో కొత్త నాళం ఎలా మొలుస్తుంది? నేను లెక్కల్లో తప్పినదాన్ని, నాకు తెలిసేలా చెప్పు.”

ఆ ప్రశ్న వినగానే సిల్వియా ముఖం మారిపోయింది. పొద్దున్నించీ అందరూ ఆమెను దొంగతనం గురించే అడిగారు. ఆమెకు ఇష్టమైన సంగతి అడిగిన మొదటిదాన్ని నేనే అయి ఉంటాను.

“మా నాన్నగారి చెరువులో ప్రాణవాయువు తగ్గిందనుకోండి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అది చూసి నాన్నగారు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు. ఒంట్లోనూ అంతేనండీ. ఊపిరి చాలని కణాలు ఒక ప్రోటీను వదులుతాయి. వీఈజీఎఫ్ అంటాం. అది వెళ్లి దగ్గర్లో ఉన్న రక్తనాళం గోడకి తగులుతుంది. ఆ గోడ కణాల మీద దాన్ని పట్టుకునే గ్రాహకాలుంటాయి. పట్టుకోగానే కణం లోపల ఒకదాన్నించి ఒకటి కబురు అందుకుని, చివరికి ఆ కణం లేచి కదులుతుంది.”

“గోడ మీదున్న కణాలన్నీ లేస్తాయా?”

“లేవవండీ! అదే దాని అందం. ఒకటే ముందుకొస్తుంది. వచ్చి పక్కవాటికి ‘మీరు ఆగండి, నా వెనకాల రండి’ అని ఇంకో సంకేతం ఇస్తుంది. దాన్ని నాచ్ అంటారు. ఆ మాట వినకుండా అన్నీ తోసుకొచ్చేస్తే నాళం చిందరవందర అయిపోతుంది.”

“మా వైపు పెళ్లిళ్లలో బిర్యానీ దగ్గర ఆ సంకేతం ఇచ్చేవాళ్లు లేక ఎప్పుడూ ఇబ్బందే.”

“నా మందు కూడా వీఈజీఎఫ్ తగిలే చోటే తగులుతుందండీ. అదే కబురు పంపుతుంది.” చేతులు తిప్పుతూ చెబుతున్న ఆ పిల్లను చూస్తే ముచ్చటేసింది. ఇంత సంబరంగా ఉన్న మనిషి ఆ సీసా అమ్ముకుంటుందా? నాకు నమ్మకం కుదిరింది. కానీ కమిటీకి నా నమ్మకం కూడా చాలదు.

గుడ్ల దగ్గరకు వెళ్లాను. మందు గుడ్ల మీద అంకెలు పెన్సిల్‌తో ఉన్నాయి. ఉప్పునీటి గుడ్ల మీద మాత్రం మార్కర్‌తో ఉన్నాయి.

“ఇదేమిటమ్మా?”

“వాటి మీద పెన్సిల్ పట్టలేదండీ, జారిపోయింది. అందుకని మార్కరు తీసుకున్నాను.”

నరసింహమూర్తి గారు కుర్చీలోంచి లేచారు. “చూశారా! గుడ్లు మార్చేసింది. అందుకే అంకెలు వేరే రకంగా ఉన్నాయి.”

“మార్చేవాళ్లు అంకెలు ఒకేలా రాయడానికి తంటాలు పడతారండీ. తేడా మీ కంట్లో పడేలా ఎవరు రాస్తారు?”

“నేరస్తులు ఏదో ఒక తప్పు చేస్తారండీ.”

“ఏదో ఒక తప్పు అందరం చేస్తాం. సిల్వియా, ఈ గుడ్లు ఏ వరుసలో తీశావు?”

“రెండు ట్రేలు వచ్చేయండీ, ఒకదాని మీద ఒకటి. నేనెప్పుడూ పై ట్రేని ఉప్పునీళ్లకీ, కింది ట్రేని మందుకీ తీస్తాను. ఒక్కో ట్రేలో కొన్ని కిటికీ కొయ్యకుండా మిగిలేయి. అవీ పెట్టెలోనే ఉన్నాయి.”

పై ట్రేలో మిగిలిన గుడ్డు ఒకటి అడిగి తీసుకున్నాను. పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదు. గుడ్డు అడ్డంగా పెట్టి నా మంచినీళ్ల సీసాలోంచి ఒక చుక్క వేశాను. చుక్క గుండ్రంగా నిలబడి టపుక్కున జారిపోయింది. కింది ట్రేలోని గుడ్డు మీద వేస్తే చుక్క చదునుగా పరుచుకుంది. వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకున్నాను. ఆ జిడ్డు నాకు బాగా తెలుసు, రోజూ వంటింట్లో తగిలేదే.

“సిల్వియా, ఊపిరి చాలని కణాలే ఆ ప్రోటీను వదులుతాయన్నావు. గుడ్డులో పిల్లకి ఊపిరి ఎక్కణ్నించి వస్తుంది?”

“పెంకుకి కంటికి కనపడని బెజ్జాలుంటాయండీ. వాటిలోంచే...” అని ఆగిపోయింది. తరవాత ఆమె కళ్లు అంత పెద్దవవుతాయని నేను అనుకోలేదు. “మేడం! నూనె! పెంకు మీద నూనె ఉంది!”

“కెటిల్‌లో వేడినీళ్లు ఉన్నాయా?”

గాజుగిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోశాం. కింది ట్రే గుడ్డును చెంచాతో అదిమి ముంచాను. పెంకు నిండా చిన్న చిన్న బుడగలు పుట్టి సన్నటి దారాల్లా పైకి లేచాయి. తరవాత పై ట్రే గుడ్డును ముంచాను. కింది సగంలోంచి బుడగలు వచ్చాయి. పై సగం మీద ఒక్కటి కూడా లేదు. చంద్రావతి గారు కూడా దగ్గరకొచ్చి వంగి చూస్తున్నారు.

“సగం బెజ్జాలు మూసుకుపోయేయండీ,” అంది సిల్వియా. “లోపల పిల్లకి ఊపిరి చాల్లేదు. కణాలు తమంతట తామే కబురు పంపేయి. మందు అక్కర్లేకుండానే నాళాలు మొలిచేయి!”

“అయితే నూనె రాసింది ఈ అమ్మాయే,” అన్నారు నరసింహమూర్తి గారు వెంటనే. ఓటమి ఒప్పుకోవడంలో ఆయన తొందరపడరు. “నా సాక్షి వస్తున్నాడు. గుడ్లు ఇచ్చిన వర్తకుడు. రెండు ట్రేలూ ఒకేలాంటివని ఆయనే చెప్తాడు.”

చెప్పినట్టే తలుపు దగ్గర ఒక పెద్దమనిషి చెప్పులు విడుస్తున్నారు. తాడేపల్లిగూడెంలో మూడు తరాలుగా గుడ్ల వ్యాపారం చేస్తున్న శ్రీరంగనాయకులు గారు. లోపలికి వచ్చి అందరికీ విడివిడిగా దండం పెట్టారు, గాజుగిన్నెలో గుడ్డుకు కూడా పెడతారేమో అనిపించింది.

“రెండు ట్రేలూ ఒకే ఫారం నుంచి వచ్చినవే కదండీ?” నరసింహమూర్తి గారు గంభీరంగా అడిగారు.

“ఆయ్, ఒకే ఫారం, ఒకే రోజువండీ.”

“మీరు ఇచ్చినప్పుడు వాటి మీద నూనె లేదు కదా?”

“ఎందుకు లేదండీ!” శ్రీరంగనాయకులు గారు నొచ్చుకున్నారు. “ఎండాకాలం మా కొట్టులో నూనె గుడ్డతో తుడవకుండా సరుకు గడప దాటదండీ. పెంకు మూసుకుంటే గుడ్డు నిలవుంటుంది. ఆటోలో పై ట్రేకే ఎండ తగులుతుంది కాబట్టి దానికే రాస్తాం, అదీ పైకి కనపడే సగానికే. కాలేజీ వారి సరుకు కదా అని నేనే దగ్గరుండి రాయించేను. ఏవండీ, జిడ్డు ఎక్కువైందా?”

సిల్వియా నవ్వడం మొదలుపెట్టింది. నాకూ అంటుకుంది. అమ్మే గుడ్డుకూ పొదిగే గుడ్డుకూ ఒకే మర్యాద చేసిన ఆ పెద్దమనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కారణం తెలియకపోయినా తనూ నవ్వారు. నరసింహమూర్తి గారు ఒక్కరే కిటికీలోంచి ఆకాశం పరిశీలిస్తున్నారు.

“నూనె సంగతి తేలింది సరే,” అన్నారు చివరికి. “మందు పనిచేస్తుందని ఎక్కడ తేలింది?”

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అది ఒప్పుకుని తీరాలి.

“కింది ట్రేలో కిటికీ కొయ్యని గుడ్లకి నూనే లేదు, మందూ లేదు,” అన్నాను. “వాటిని వెలుతురుకి పట్టి చూద్దామండీ.”

“తెరలు దింపి లైట్లు తీసేస్తాను,” అన్నారు చంద్రావతి గారు. అన్నట్టే గది చీకటి చేసి, “కమిటీ వాళ్లు వచ్చే వేళయింది. నేను కిందికెళ్లి తీసుకొస్తాను. మీరు కానివ్వండి,” అని చిన్న గదిలోంచి వరండాలోకి వెళ్లిపోయారు.

సిల్వియా టార్చి మీద గుడ్డు పెట్టింది. అది లోపల్నించి ఎర్రగా వెలిగింది. నూనే మందూ లేని ఆ గుడ్డులో నాళాలు పలచగా, అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. తరవాత నూనె గుడ్డు పెట్టింది. వల పరిచినంత దట్టంగా ఉన్నాయి. చివరికి మందు గుడ్డు కిటికీ మీద టేపు తీసి చూపించింది. నూనె తగలని ఆ గుడ్డులో మందు చుక్క పడ్డ చోటు చుట్టూ సన్నటి ఎర్రటి తీగలు గుత్తుగా మొలిచి, అన్నీ ఆ చుక్క వైపే పాకుతున్నాయి.

“పనిచేస్తోంది,” అంది మెల్లగా. వెంటనే పెద్దగా అరిచింది. “పనిచేస్తోందండీ! నా మందు పనిచేస్తోంది!”

నా రెండు చేతులూ పట్టుకుని ఆ చీకట్లో గిర్రున తిప్పింది. శ్రీరంగనాయకులు గారి కాలు తొక్కాం. ఆయన పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల నా వృత్తిలో ఇంత ఆనందంగా ముగిసిన విచారణ లేదనుకున్నాను. ముగియలేదని అప్పుడు నాకు తెలియదు.

లైట్లు వేసేసరికి తలుపు దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. ముందున్న పెద్దావిడ కమిటీ ఛైర్మన్ డాక్టర్ రాజ్యం గారు. సిల్వియా ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పింది. ఆవిడ టార్చి తీసుకుని ఒక్కో గుడ్డూ తనే చూశారు. చూస్తున్నకొద్దీ ముఖం విచ్చుకుంది.

“బంగారంలాంటి పనమ్మా. ఏదీ, ఆ సీసా ఒకసారి చూపించు. ఆ, అన్నట్టు చంద్రావతి గారేరీ? కింద ఎదురొస్తానన్నారు. ఎవరూ కనపడలేదే?”

నా నవ్వు ఆగిపోయింది. సిల్వియా అప్పటికే చిన్న గదిలోకి వెళ్లింది. తాళం తీసిన చప్పుడు వినిపించింది. ఆ తరవాత ఏమీ వినిపించలేదు. నేను వెళ్లేసరికి ఆమె ఖాళీగా ఉన్న పై అరను చూస్తూ నిలబడి ఉంది.

“తాళం వేసే ఉందా?” రాజ్యం గారు వెనకనుంచి అడిగారు. “తాళంచెవి నీ మెడలోనే ఉంది కదమ్మా?”

మామూలుగానే అడిగారు. కానీ సిల్వియా ముఖంలో నెత్తురంతా ఇంకిపోయింది. ఇందాకటి దాకా జరగని దొంగతనానికి నింద మోసింది. ఇప్పుడు దొంగతనం నిజంగానే జరిగింది.

“ఒక్క నిమిషం అండీ.”

నరసింహమూర్తి గారు ముందుకొచ్చారు. కేసు గెలిచినప్పుడు కూడా ఆయన అంత నిటారుగా నిలబడగా నేను చూడలేదు.

“ఆ సీసా ఇందాకా నా కళ్లతో చూశాను. నజ్నీన్ గారూ చూశారు. అప్పణ్నించీ ఈ అమ్మాయి మా పక్కనే ఉంది. అంతకుముందూ పొద్దున్నించీ నేనే కదలనివ్వలేదు. పాతికేళ్లు పోలీసు ఉద్యోగం చేసినవాణ్ని, ఏ కోర్టులో చెప్పమన్నా చెప్తాను. ఈమె దొంగ కాదండీ.” ఒక్కసారి ఆగి, గొంతు తగ్గించారు. “రెండో తాళంచెవి చంద్రావతి గారిది. ఆవిడ నన్ను పిలిపించింది దొంగని పట్టడానికి కాదు. జరగబోయే దొంగతనానికి ముందే ఒక దొంగని చూపించడానికి. ఆ పని నేను చాలా శ్రద్ధగా చేశాను.”

ఆయన్ని వెక్కిరించడానికి జీవితంలో అంతకంటే మంచి అవకాశం నాకు రాదు. కానీ నోరు రాలేదు.

“శ్రద్ధగా చేశారు కాబట్టే ఈ పిల్లకి ఇంత గట్టి సాక్షి దొరికారండీ,” అన్నాను.

సిల్వియా ఆయనకు దండం పెట్టింది. ఆయన ఆ చేతులు దించేశారు. కిటికీలోంచి చూస్తే చంద్రావతి గారి తెల్లకారు గేటు దాటి హైవే వైపు తిరుగుతోంది.

“నజ్నీన్ గారూ,” సిల్వియా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫ్రిజ్ పక్కన ఉన్న థర్మోకోల్ పెట్టె వైపు చూపించింది. “మేడం గారు కంగారులో ఇది తీసుకెళ్లలేదండీ. ఈ ఎండలో ఐసు లేకపోతే ఆ మందు అరగంట కూడా నిలవదు. ఆవిడ దొరికినా మందు మిగలదు.”

నరసింహమూర్తి గారు జేబులోంచి కారు తాళాలు తీసి, వంగి పెట్టె రెండు చేతులతో ఎత్తుకున్నారు.

“ఐసు నింపమ్మా, తొందరగా. దొంగని నజ్నీన్ గారే పట్టుకోనీ, నాకు ఫర్వాలేదు. ఆ సీసా మాత్రం వేడెక్కకూడదు.”